చేయి ఎత్తే ముందర

వన్నూరప్ప పేరు పోగొట్టుకున్నాడు.

పేరు పోవడమంటే పరువు పోవడం అనుకోకండి. అదీ కొంత పోయింది, ఆ సంగతి తర్వాత వస్తుంది. ముందు పోయింది మాత్రం అతను మనసులో తలుచుకునే పేరు. ఏండ్ల తరబడి రోజంతా పెదవుల మీద ఆడుతూ వచ్చిన ఒక్క మాట, పైవాణ్ణి పిలుచుకునే "మౌలా" అనే మాట, ఒకనాటి నుంచి రావడం మానేసింది.

ఇంట్లో కూర్చుని అనుకుంటే నోటికి వచ్చేది. లోపలికి పోయేది కాదు. జపమాల కొనుక్కుని చూశాడు. పూసలు తిరిగేవి, అంతే.

అందుకని ఒక గురువారం మధ్యాహ్నం గురువు దగ్గరికి బయలుదేరాడు.

గురువు పేరు హుసేనప్ప. అనంతపురం దాటి బెంగళూరు వైపు పోయే హైవే పక్కన, గాలిమరలు తిరిగే గుట్ట కింద ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని ఊడ్చి, దీపం పెట్టి, వచ్చినవాళ్లకు చక్కెర పంచే ముసలాయన అతను. దూదేకులవాడు. ఒకప్పుడు భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపుల్లో దూది ఏకేవాడు. కర్రగుండుతో ఆ విల్లు నరాన్ని మీటితే వీధి చివరిదాకా వినపడేది. ఆ చప్పుడు విని ఆడవాళ్లు గడ్డకట్టిన పరుపులు బయటికి తెచ్చుకునేవాళ్లు. తర్వాత దూది ఏకే మర వచ్చింది. ఆ తర్వాత స్పాంజి పరుపులు వచ్చాయి. విల్లు దర్గా గోడకెక్కింది.

చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఆయన్ని సామీ అని పిలుస్తారు. హిందువులు, సాయిబులు అనే తేడా అక్కడ లేదు. వన్నూరప్పకు ఆ పేరు పెట్టింది కూడా ఒక పీరుకు మొక్కుకునే.

ఇక పేరు సంగతి మొదటినుంచి చెప్పాలి.

వన్నూరప్ప వెల్డరు. కారు సీట్ల కింద ఉండే ఇనుప చట్రాలు చేసే ఫ్యాక్టరీలో కొత్తగా చేరినప్పుడు, అతని అతుకులు చివర్లో చీలేవి. వెల్డింగ్ అంటే రెండు ఇనుప ముక్కల మధ్య ఇనుమునే కరిగించి పోయడం. పోసుకుంటూ వెళ్లి ఆపిన చోట చిన్న గుంట పడుతుంది. ఆ గుంట నిండకముందే చేయి ఎత్తేస్తే, చల్లారేటప్పుడు సరిగ్గా అక్కడే సన్నగా చీలిక వస్తుంది. వన్నూరప్పకు తొందరెక్కువ. ఒకటి పూర్తి కాకుండానే రెండోదాని మీదికి దూకేవాడు. సూపర్‌వైజరు ఆ చట్రాలను ఏరి పక్కన పడేస్తూ, "ఏమప్పా, ఇంట్లో బిర్యానీ చల్లారిపోతాందా?" అని నలుగురిలో నవ్వేవాడు.

అప్పుడూ ఇలాగే వచ్చి గురువుకు చెప్పుకున్నాడు.

విల్లు ఇంకా గోడకెక్కని రోజులవి. హుసేనప్ప దర్గా ముందు కూర్చుని ఎవరిదో బొంత దూది ఏకుతున్నాడు. పని ఆపలేదు. వింటూనే విల్లు మీటాడు. దూది పొగలా లేచింది. ఒక్కో వరస అయ్యేటప్పుడు గుండును నరానికి ఆనించి, ఒక క్షణం ఆగి, పెదవులు కదిపి, అప్పుడు చేయి తీసేవాడు.

"ఏమంటాండారు సామీ?"

"పేరు. నువ్వూ చేయి ఎత్తే ముందర ఒక పేరు తలుచుకో."

"ఎవరి పేరు?"

"నీకు ఎవరి వల్ల అన్నం వస్తాందో వాళ్ల పేరు."

వన్నూరప్ప దర్గా లోపలికి చూశాడు. ఆకుపచ్చ గుడ్డ, దాని మీద మల్లెపూలు. అన్నం పెట్టేది పైవాడే కదా అనుకున్నాడు. మరుసటి రోజు నుంచి అతుకు చివర "మౌలా" అని, అప్పుడు చేయి ఎత్తడం మొదలుపెట్టాడు.

ఆ ఒక్క మాట అనేలోపు గుంట నిండేది. చీలికలు పోయాయి.

కొన్నేండ్లకు ఫ్యాక్టరీలో అతని చేతిని మించిన చేయి లేదన్నారు. కొత్తగా వచ్చినవాళ్లను అతని పక్కనే నిలబెట్టేవారు. అలా నేర్చుకున్నవాళ్లలో పోతులయ్య అనేవాడు అతనికి బాగా దగ్గరయ్యాడు. ఒకే క్యారియరులో తినేవాళ్లు. పోతులయ్య అతుకులూ మొదట్లో చీలేవి. వన్నూరప్ప తన గురువు చెప్పిన మాటే అతనికి చెప్పాడు. అంతకుమించి విడమరచలేదు. ఎవరి పేరని పోతులయ్యా అడగలేదు.

తర్వాత రోబో వచ్చింది.

పసుపుపచ్చ కంచె లోపల నిలబెట్టిన ఒంటిచేయి అది. మనిషి చేయిలాగే భుజం, మోచేయి, మణికట్టు అన్నీ ఉన్నాయి. దానికి పని చెప్పడాన్ని ఫ్యాక్టరీలో "టీచింగ్" అంటారు. బడిలో మాలాంటి పంతుళ్లు చెప్పేదానికీ దానికీ ఒకే మాట. కాకపోతే ఈ టీచింగులో పాఠం ఒక్కసారి చెబితే చాలు. మంచి పనివాడు ఆ చేయి పట్టుకుని అతుకు పొడవునా నడిపిస్తే, అది గుర్తుపెట్టుకుంటుంది. ఇక మరిచిపోదు.

టీచింగుకు వన్నూరప్పను పిలిచారు. మెడలో కొత్త కార్డు వేశారు. అందరూ చూస్తుండగా ఇంజనీరు అతని భుజం తట్టాడు. అబద్ధమెందుకు, ఆ రోజు అతనికి గర్వంగానే ఉంది.

రోబో చేయి పట్టుకుని నడిపించాడు. చివర్లో అలవాటుగా ఆగాడు.

"ఎందుకాగారు?" అన్నాడు ఇంజనీరు.

వన్నూరప్పకు సిగ్గేసింది. "అలవాటు సార్."

ఇంజనీరు ఆ అతుకును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి అలవాటు" అని, ఎంతసేపు ఆగాడో కొలిచి, ఆ అంకెను మరలోకి ఎక్కించాడు.

ఆగడం మరకు ఎక్కింది. పేరు ఎక్కలేదు. దాన్ని ఎక్కించే మీట ఇంజనీరు చేతిలోని పలక మీద లేదు.

కొన్నాళ్లకు కంచెలు వరసగా లేచాయి. ఒక్కో రోబో వచ్చి నిలబడిన చోట ఒక్కో మనిషి లేచిపోయాడు. వెళ్లేవాళ్లలో ఒకడు సంచీ భుజాన వేసుకుంటూ, "నీ చేయి ఉంటే చాలంటప్పా వాళ్లకు, మా చేతులు ఏమిటికి?" అన్నాడు. ఇంకొకడు "పోయొస్తాం రోబో గురువుగారూ" అని దండం పెట్టాడు. పోతులయ్య క్యారియరులో తన గిన్నె కడిగి వన్నూరప్ప బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

వన్నూరప్పను మాత్రం ఉంచుకున్నారు. ఇనుప ముక్కలు అమర్చి, కంచె బయటికి వచ్చి, ఆకుపచ్చ బటన్ నొక్కాలి. రోబో తన పని తాను చేసుకుంటుంది. దాని ప్రతి కదలికలోనూ అతని చేయి కనపడుతుంది. చివర్లో ఆగడంతో సహా. అతను అద్దంలో చూసుకున్నట్టు కంచె బయట నిలబడి చూసేవాడు. మొదట్లో, అది ఆగినప్పుడల్లా "మౌలా" అనబోయేవాడు. చేతిలో ఏమీ లేకుండా ఆ మాట రాలేదు. అనబోవడం కూడా మానేశాడు.

చొక్కాకు నిప్పురవ్వల బొక్కలు పడటం లేదని ఇంటామె సంతోషపడింది. కొత్త చొక్కాలు కుట్టించింది. అతను పాత బొక్కల చొక్కాను మడిచి పెట్టెలో దాచుకున్నాడు. ఈ గురువారం అదే వేసుకుని బయలుదేరాడు.

* * *

హుసేనప్ప అంతా విన్నాడు.

"ఉద్యోగం ఉండాది కదా నాయనా."

"ఉండాది సామీ. జీతం పెరిగింది కూడా. నాకు పేరు కావల్ల. అది నా నోట్లో ఉండాదనుకుంటి. చేతిలో ఉండె. చేతిని తీసుకపోయి మరకిచ్చి వస్తి." వన్నూరప్ప తల వంచుకున్నాడు. "అది ఆగుతాది సామీ. ఒక్కసారీ మరిచిపోదు."

ముసలాయన గోడ మీద విల్లువైపు చూశాడు. నరం ఎప్పుడో తెగిపోయింది. వంగిన కర్ర మిగిలింది.

"విల్లు గోడకెక్కినాక మీకు పేరు ఎట్లొచ్చింది సామీ?"

"శానా దినాలు రాలే" అన్నాడు హుసేనప్ప. అని, లేచి పంచె దులుపుకున్నాడు. "దర్గా గేటు కీళ్లు రెండూ ఊడిపోయినాయి. మేకలు లోపలికొచ్చి పూలు తింటాండాయి. అతికించుకోని వద్దాం రా, గేటు ఎత్తు."

తాను అడిగినదానికీ దీనికీ ఏం సంబంధమో వన్నూరప్పకు తెలియలేదు. అయినా గేటును తలకెత్తుకున్నాడు.

హైవే మీదికి వచ్చాక ముసలాయన ఎడమకు తిరిగాడు. వన్నూరప్ప ఆగిపోయాడు.

"అట్ల వద్దు సామీ. ఊర్లో వేరే షెడ్డు ఉండాది. అది పోతులయ్య షెడ్డు. నా మొహం చూడడు వాడు."

"గేటు మొహం చూస్తాడులే, రా."

నాలుగు రేకులు, రెండు గుంజలు, ఒక వెల్డింగ్ పెట్టె. అదీ పోతులయ్య షెడ్డు. కిటికీ గ్రిల్లులు, మేకల కొట్టాలకు ఇనుప తడికెలు చేస్తున్నాడు. ముసలాయన్ని చూడగానే లేచి స్టూలు తుడిచి వేశాడు. చెంబుతో నీళ్లిచ్చాడు. గేటును అందుకున్నాడు. గేటు కింద ఉన్న మనిషి వైపు తిరగలేదు. మాట మాత్రం అటే వేశాడు.

"ఏమి సామీ, గురువుగారిని ఎంటబెట్టుకోని వచ్చినారు. ఈయప్ప కొత్త శిష్యుడు శానా దొడ్డోడంట కదా. బీడీ తాగడంట, ఒంటేలుకి పోడంట, పండగకు సెలవు అడగడంట. మేము యాడ చాలుతాం ఆయప్పకు?"

వన్నూరప్ప తలమీది దుమ్ము దులుపుకున్నాడు.

"బొక్కల చొక్కా ఏసుకోనొచ్చినాడే! కంచె దాటి నిప్పురవ్వలు నీ దాకా వస్తాండాయా ఏమి?"

"పోతులా" అన్నాడు ముసలాయన, "కీలు చూడప్పా."

పోతులయ్య కీలును సరిగ్గా అమర్చుకున్నాడు. నల్ల అద్దం మొహానికి అడ్డం పెట్టుకుని రాడ్డు ఆనించాడు. నీలం వెలుగు లేచింది. వన్నూరప్ప అలవాటుగా మొహం తిప్పుకున్నాడు. చూడటానికి లేకపోయేసరికి చెవులే పనిచేశాయి.

వేడి నూనెలో పిండి పడినట్టు చర్రుమనే చప్పుడు. తడబడకుండా, ఒకే తీరున, గోడ కట్టుకుంటూ పోయినట్టు పోతోంది. ఏడాదిగా కంచె అవతల అదే చప్పుడు రోజంతా వింటున్నాడు. కానీ ఇది వేరు. దీనికి కాలిన ఇనుము వాసన ఉంది. చెమట వాసన ఉంది. వన్నూరప్ప కుడిచేయి తనకు తెలియకుండానే పిడికిలి బిగించింది.

చప్పుడు చివరికొచ్చింది. అక్కడ నిలిచింది.

నల్ల అద్దం వెనక పోతులయ్య ఏదో గొణిగాడు. అప్పుడు రాడ్డు ఎత్తాడు.

"ఏమన్నావు?" అన్నాడు హుసేనప్ప.

"ఏమీ లేదు సామీ."

"అన్నావు."

"అలవాటు సామీ." పోతులయ్య సుత్తితో అతుకు మీద పెచ్చు రాల్చసాగాడు. ఇద్దరూ తనవైపే చూస్తున్నారని తెలిసి చిరాకుపడ్డాడు. "ఈయప్పే కదా చెప్పింది! అన్నం ఎవరి వల్ల వస్తాందో వాళ్ల పేరు తలుచుకోని చేయి ఎత్తమని. నాకు పని నేర్పింది ఎవరు? ఆ పేరే అంటా."

సుత్తి చప్పుడు ఆగింది.

"వన్నూరన్నా అంటా. మొదటినుంచి అంతే."

ఒక లారీ వెళ్లింది. రేకులు అదిరాయి. వన్నూరప్ప "ఇప్పుడు కూడానా?" అన్నాడు.

పోతులయ్య మొదటిసారి అతని వైపు చూశాడు.

"తిట్టుకుంటానే అంటా. అనకపోతే అతుకు చీలుతాది, ఏం చేద్దును?"

అని రెండో కీలు వైపు తిరిగాడు. వన్నూరప్ప ఒక అడుగు ముందుకేశాడు. చేయి చాపాడు. అడుక్కునేవాడి చేయిలా ఉంది అది.

"పోతులా, అదొక్కటీ నేను ఏస్తా."

రాడ్డు పట్టుకున్న చేయి కొంచెం సందేహించింది. ఇచ్చేస్తాడేమో అనిపించింది. ఇవ్వలేదు.

"వద్దులేన్నా. నీ చేయి కంపెనీలో ఉండాది."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు. నల్ల అద్దం మళ్లీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నీలం వెలుగు, చర్రుమనే చప్పుడు, చివర ఆగడం, ఆ గొణుగుడు. ఈసారి వన్నూరప్పకు స్పష్టంగా వినపడింది. తన పేరు అలా వినపడుతుందని అతనికి ఎప్పుడూ తెలియదు.

ముసలాయన జేబు తడుముకుంటుంటే పోతులయ్య వద్దన్నాడు. "దర్గా గేటుకు ఏంది సామీ?" అని ఫ్లాస్కులోంచి ఆయనకు గ్లాసులో టీ పోశాడు. ఇంకో గ్లాసు లేదు. ఫ్లాస్కు మూతలో కొంచెం పోసి, ఎవరికీ ఇవ్వనట్టు, వెల్డింగ్ పెట్టె మీద ఒక పక్కగా పెట్టి, గ్రిల్లు పనిలో పడ్డాడు.

వన్నూరప్ప ఆ మూత రెండు చేతులతో తీసుకున్నాడు.

* * *

తిరిగి వస్తుంటే తల మీద గేటు ఇంకా వేడిగానే ఉంది. గాలిమరలు నిదానంగా తిరుగుతున్నాయి. దర్గా కనపడుతుండగా వన్నూరప్ప అడిగాడు.

"సామీ, ఇప్పుడు నేను ఎవరి పేరు అనల్ల?"

హుసేనప్ప నడక ఆపలేదు. "అప్పుడు నేను ఏం చెబితిని?"

"నీకు ఎవరి వల్ల అన్నం వస్తాందో..."

వన్నూరప్ప దారి మధ్యలో గేటు మోస్తూ నిలబడిపోయాడు. ముసలాయన అతని కోసం ఆగకుండా ముందుకు వెళ్లి, పూల దగ్గర చేరిన మేకను అదిలించాడు.

* * *

మరునాడు పొద్దున షిఫ్టు. వన్నూరప్ప ఇనుప ముక్కలు అమర్చాడు. కంచె బయటికి వచ్చాడు. ఆకుపచ్చ బటన్ నొక్కాడు.

రోబో వంగింది. ఒకప్పుడు పోతులయ్య నిలబడి అన్నం సంపాదించుకున్న చోటు అది. నేల మీద అతని బూట్లు అరిగించిన నున్నటి మచ్చ ఇంకా ఉంది. మర దాని మీదనే కాళ్లు పాతుకుని ఉంది. అతుకు వెంట నడిచింది. తన చేయిలాగే, తన తీరులోనే, వేగం పెంచక, తగ్గించక.

చివర్లో ఆగింది.

"పోతులయ్యా" అన్నాడు వన్నూరప్ప.

మర చేయి ఎత్తింది.